గజ్జెల మలుపు

ఏం చూశారు? ముందు అది చెప్పండి.

విన్నది కాదు. వాట్సాప్‌లో వచ్చింది కాదు. మీ తోడల్లుడి స్నేహితుడికి కనిపించింది అసలే కాదు. ఆ మలుపులో, మీ రెండు కళ్ళతో, మీరు ఏం చూశారు?

తెల్లచీర అంటారు. కింద మంచు, పైనుంచి మంచు, కారు అద్దం నిండా మంచు... అందులో తెల్లచీర మీకెలా కనిపించింది తల్లీ? జుట్టు విరబోసుకుని నిలబడిందంటారు. ఆ గాలికి మన నెత్తిమీద టోపీ నిలవదు, ఆవిడ నిలబడిందా? కాళ్ళకి గజ్జెలంటారు. శాన్ రామన్ నుంచి ఫ్రీమాంట్ దాకా మన తెలుగువాళ్ళ ఏ పాట్‌లక్ విందుకి వెళ్ళినా సరే, ఒక చేతిలో పులిహోర ప్లేటు, ఇంకో చేత్తో అభినయం. ఘల్లు... ఘల్లు... అంటూ.

సిగ్గుండాలి.

చోటు మాత్రం ఉంది. టాహో వైపు స్కీయింగ్‌కి వెళ్ళే కొండదారిలో, మంచులో జారకుండా చక్రాలకి ఇనుప చెయిన్లు వేసుకోవడానికి రోడ్డు పక్కన వెడల్పుగా వదిలిన జాగా. అది దాటగానే ఎత్తు, ఆ ఎత్తులోనే మలుపు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. అక్కడివాళ్ళు దానికి పేరేమీ పెట్టలేదు. పెట్టింది మనవాళ్ళే — గజ్జెల మలుపు.

పోయిన ఫిబ్రవరిలో అక్కడ ఒక మనిషి పోయాడు. అది నిజం. ఫ్రీమాంట్ కుర్రాడు, వేదాంత్. భార్యని కార్లోనే ఉండమని, "ఒక్క నిమిషం" అని దిగాడు. చీకట్లో వెనక్కి, రోడ్డు మధ్యకి నడిచాడు. కిందినుంచి వస్తున్న ట్రక్కు ఆగలేకపోయింది.

ఎందుకు నడిచాడో ఎవరికీ తెలియదు. అంతకుముందు ఘల్లుమని ఏదో చప్పుడైందని ఆ పిల్ల ఏడుస్తూ చెప్పిందట. ఇంకేం కావాలి మనకి? గజ్జెలు పిలిచాయన్నారు. పోయిన కుర్రాడి ఒక కాలి బూటుకి లేసు లేదట. అది విప్పింది కూడా ఆవిడే అన్నారు.

ఇప్పుడు శ్రీధర్ సంగతి వినండి. సగం వాళ్ళ అత్తగారు ప్రమోద చెప్పింది. మిగతా సగం, చాలా రోజులకి, అతనే నోరు విప్పి చెప్పాడు. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

శ్రీధర్‌ది శాన్ రామన్‌లో పెద్ద ఇల్లు, పెద్ద ఉద్యోగం, ఇంకా పెద్ద నోరు. కారు మాత్రం మామూలు సెడాన్. అందులో తప్పేం లేదు. మామూలు కారుతో మంచుకొండ ఎక్కి దిగినవాళ్ళు బోలెడుమంది. వాళ్ళు టైర్లు చూసుకుంటారు. చెయిన్లు ఇంటి ముందే ఒకసారి వేసి, తీసి, చెయ్యి అలవాటు చేసుకుంటారు. వద్దన్న రోజున ఆగిపోతారు.

శ్రీధర్ పద్ధతి వేరు. ప్రతి చలికాలం దుకాణానికి వెళ్ళి ఒక చెయిన్ల డబ్బా కొంటాడు. టేపు ఊడకుండా డిక్కీలో పెడతాడు. రోడ్డు మీద ఎవరైనా ఆపితే డబ్బా చూపిస్తాడు. ఇంటికి రాగానే తీసుకెళ్ళి రిటర్న్ చేసి డబ్బు వెనక్కి తెచ్చుకుంటాడు. దానికి తెలివి అని పేరు పెట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు స్నేహితులకి నేర్పాడు కూడా.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరబోతుంటే భార్య శ్రుతి డబ్బా చేతిలోకి తీసుకుంది.

"ఒకసారి ఓపెన్ చేసి చూద్దామా, శ్రీధర్?"

"టేపు ముట్టుకోకు! ఓపెన్ చేస్తే మండే నాడు షాపువాడు వెనక్కి తీసుకోడు."

వెనక సీట్లో మనవరాలు తన్వి పక్కన ప్రమోద అప్పటికే కూర్చుని ఉంది. మిచిగాన్‌లో ముప్ఫై చలికాలాలు ఆసుపత్రి డ్యూటీలకి తిరిగిన మనిషి.

"తుఫానంటున్నారు కదా బాబూ. రేపు పొద్దున వెళితే?"

"అత్తయ్యా, మీరింకా మిచిగాన్ రోజుల్లోనే ఉన్నారు. ఇప్పుడు రోడ్లు ఎప్పటికప్పుడు క్లీన్ చేసేస్తారు."

"చెయిన్లు వేయడం వచ్చా?"

"వీడియో చూశాను."

"ఈత కూడా వీడియోలోనే నేర్చుకున్నావా?"

శ్రుతి కిటికీ వైపు తిరిగి నవ్వింది. శ్రీధర్ నవ్వలేదు. అతని మనసంతా కొండమీద ఉంది. అక్కడ అద్దె ఇంట్లో స్నేహితుడు రాజ్ కుటుంబం అప్పటికే దిగిపోయింది. రాజ్‌కి నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి ఉంది. అది లేనివాళ్ళందరూ పిల్లికూనలని అతని ఉద్దేశం.

దారిలోనే ఫోన్. కారంతా వినపడేట్టు —

"ఏరా, నీ బొమ్మ కారు కొండెక్కుతోందా? లేకపోతే చెప్పు, తాడేసి లాక్కొస్తా!"

"నువ్వు టీ పెట్టరా. వచ్చేస్తున్నా."

అప్పటికి మంచు మొదలైంది.

కొండ మొదట్లో సన్నగా, దూది రాలినట్టు. పైకి వెళ్ళేకొద్దీ అడ్డంగా, కసిగా. చీకటి తొందరగా పడింది. ముందు కారు వెనక లైట్లు తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి అవీ మసకబారాయి. శ్రీధర్ స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు. పాటలు ఆపేశాడు.

రోడ్డు కాపలా ఉన్న పసుపు కోటు మనిషి ఒకడు చెయ్యి అడ్డం పెట్టి కారు ఆపాడు. టైర్ల మీద టార్చి వేసి చూశాడు.

"చెయిన్లు?"

శ్రీధర్ డబ్బా ఎత్తి చూపించాడు.

"నాకు చూపించడానికి కాదు, చక్రాలకి వేయడానికి. లేదా వెనక్కి తిప్పుకో. నీ తర్వాత రోడ్డు మూసేస్తున్నా." పక్కనున్న జాగా వైపు వేలు చూపించి వెళ్ళిపోయాడు.

ఆ జాగా ఏదో కార్లో అందరికీ తెలుసు. తన్వి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా... ఇక్కడేనా గోస్ట్ ఆంటీ ఉండేది?"

"ఇక్కడ మంచు ఉంది. మీ నాన్న ఉన్నాడు. భయపడ్డానికి ఆ రెండూ చాలు," అంది ప్రమోద.

శ్రీధర్ దిగాడు. జాగాలో ఉన్న ఒకటి రెండు కార్లు చెయిన్లు బిగించుకుని కదిలిపోయాయి. ఆ తర్వాత... ఇంజన్ చప్పుడు, గాలి. అంతే.

కారు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫోన్ లైటు పళ్ళ మధ్య పెట్టుకుని, తాళంచెవితో టేపు కోశాడు. డబ్బాలోంచి ఆకుపచ్చ సంచీ బయటికి తీశాడు.

చెయ్యి ఆగిపోయింది.

సంచీ మీద ఒక కొమ్ముగుర్రం స్టిక్కర్. పూర్తిగా లేదు. చిరిగిపోగా మిగిలిన ముక్క. గులాబీరంగు జూలు, దాని మీద మెరిసే కొమ్ము.

ఆ కొమ్ము అతనికి తెలుసు. దాన్ని అంటించింది తన్వి. పీకింది తను. గోళ్ళతో గీకి గీకి, సగం రాక, పోనీలే ఎవరు చూస్తారని వదిలేసింది కూడా తనే.

వేదాంత్ పోవడానికి ముందు, పోయిన ఏటి క్రిస్మస్ సెలవుల్లో మొదటిసారి టేపు విప్పాల్సొచ్చింది. కిందికి దిగేటప్పుడు, మంచు అయిపోయి ఉత్త తారు వచ్చాక కూడా, చెయిన్లు తీయడానికి బద్ధకించి వేగంగా తోలాడు. ఒక చెయిను కొక్కెం విరిగింది. ఊడిన కొస చక్రం పైన రేకుకి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఘల్లు... ఘల్లు... ఘల్లు...

"ఆ చప్పుడేంటి?" అంది శ్రుతి అప్పుడు.

నేనే విరగ్గొట్టానని చెప్పడానికి నోరు రాలేదు. "ఏమో... ఈ కొండమీద ఏదో తిరుగుతుందని ఆఫీస్‌లో ఎవరో అన్నారు," అన్నాడు నవ్వుతూ. కొత్త సంవత్సరం పార్టీలో అదే మాట మళ్ళీ చెప్పాడు. అందరూ దగ్గరికి జరిగి విన్నారు. బాగుంది కదా అని ఒక ఆడమనిషిని కలిపాడు. తెల్లచీర ఇంకెవరో కట్టారు. ఫ్రీమాంట్ చేరేసరికి జుట్టు కూడా విరబోసుకుంది.

మీ దెయ్యం పుట్టుక అదండీ. ఒక మగవాడు తన తప్పు ఒప్పుకోలేక కన్నాడు దాన్ని.

ఆ విరిగిన చెయిన్లని స్నానాల తొట్టిలో వేసి, గిన్నెల సబ్బుతో కడిగి, శ్రుతి జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో ఆరబెట్టి, కొత్తవాటిలా చుట్టి, డబ్బాలో సర్ది, టేపు వేసి తిరిగిచ్చాడు. "వాడలేదు," అన్నాడు. వాళ్ళు తీసుకుని మళ్ళీ అరలో పెట్టారు. ఈ ఏడు అదే దుకాణం, అదే అర, అదే సైజు... అదే డబ్బా.

ఇంత ఉంటే శ్రీధర్ నవ్వుకునేవాడేమో. కానీ చెయిను మంచు మీద పరిచి చూస్తే, విరిగిన కొక్కెం దగ్గర ఏదో కట్టి ఉంది. గట్టిగా, ముడి మీద ముడి వేసి.

బూటు లేసు.

అతను కట్టింది కాదు. అతను తిరిగిచ్చినప్పుడు లేదు. ఆ డబ్బాని మధ్యలో ఇంకెవరో కొన్నారు.

ఫోన్ వెలుగులో దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అర్థమైంది. అర్థం కానట్టు ముఖం పెట్టాడు. ఎవరి కోసం? అక్కడ ఎవరున్నారు చూడ్డానికి?

కిటికీ అద్దం కొంచెం దిగింది.

"అయిందా?" శ్రుతి గొంతు.

"అయిపోవచ్చింది."

"ఏదైనా ప్రాబ్లమా? వెనక్కి వెళ్ళిపోదామా?"

వెళ్ళొచ్చు. ఆ ఒక్క క్షణం చేతిలో ఉంది. పసుపు కోటు మనిషి ఇంకా కింద ఉన్నాడు, కారు తిప్పితే పంపిస్తాడు. కానీ వెనక్కి వెళితే ఎందుకో చెప్పాలి. శ్రుతికి చెప్పాలి. అత్తగారికి చెప్పాలి. టీ పెట్టుకుని కూర్చున్న రాజ్‌కి చెప్పాలి.

"ప్రాబ్లమేం లేదు."

"గట్టిగా ఉన్నాయా?"

"ఆఁ."

కూతుర్నీ భార్యనీ అత్తగారినీ ఆ ఒక్క అక్షరం మీద కూర్చోబెట్టి కారు ఎక్కించాడు.

మలుపు మొదలైంది. కారు నెమ్మదిగా, ముక్కుతూ ఎక్కుతోంది. కుడిచేతి వైపు రెయిలింగ్... దాని అవతల ఏమీ లేదు. నల్లగా, లోతుగా, ఏమీ లేదు.

అప్పుడు —

ఘల్లు.

తన్వి అమ్మమ్మకి అతుక్కుపోయింది.

ఘల్లు... ఘల్లు...

"డాడీ... వచ్చేసింది..."

"ఏం లేదమ్మా. కళ్ళు మూసుకో."

ప్రమోద ముందుకి వంగింది. చెవి ఒగ్గి వింది.

"గజ్జెలూ లేవు, గాడిదగుడ్డూ లేదు. ముందు చక్రం దగ్గర్నుంచి వస్తోంది. కారు ఆపు శ్రీధర్."

"ఇక్కడ ఆపకూడదు అత్తయ్యా."

"ఎందుకని?"

"ఈ చోటు... మంచిది కాదు."

ఇదిగో, ఇక్కడ వినండి సరిగ్గా. ఆ కార్లో ఉన్న నలుగురిలో ఆ చప్పుడేంటో తెలిసినవాడు అతనొక్కడే. పసిపిల్ల వణికిపోతోంది. ఒక్క ముక్క నిజం చెబితే ఆ భయం పోతుంది. చెప్పలేదు. దెయ్యం చాటున దాక్కున్నాడు.

ఘల్లు. ఘల్లు. ఘల్లుఘల్లుఘల్లు —

టప్.

నిశ్శబ్దం. ఒక చక్రం గిర్రున తిరిగింది. కారు ముక్కు పక్కకి ఒరిగింది. ఆ తర్వాత వెనక్కి జారడం మొదలైంది. బ్రేకు తొక్కాడు, ఆగలేదు. శ్రుతి అతని భుజం పట్టుకుంది. రెయిలింగ్ దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... కారు వెనకభాగం అక్కడ పోగుపడ్డ మంచుగుట్టలో మెత్తగా దిగబడి ఆగింది. రెయిలింగ్‌కీ డిక్కీకీ మధ్య మూరెడు ఉందేమో.

ప్రమోద తన్విని ఒళ్ళోకి లాక్కుంది.

"అందరూ బాగానే ఉన్నారా?" అంది ప్రమోద. తన్వి ఏడుపు మొదలుపెట్టింది. ఏడ్చిందంటే బాగానే ఉన్నట్టు.

ఊడిన చెయిను కింద ఎక్కడో రోడ్డు మీద పడి ఉంటుంది. అది తెచ్చి మళ్ళీ కడితే... ఎవరూ చూడకముందే కట్టేస్తే...

శ్రీధర్ తలుపు తీశాడు.

"ఎక్కడికి?" అంది శ్రుతి.

"ఒక్క నిమిషం," అన్నాడు.

అన్నాక ఆ మాట అతనికే అదోలా వినిపించింది. అయినా దిగాడు.

ఫోన్ లైటుకి మంచు తప్ప ఏమీ కనపడలేదు. చక్రాల గుర్తుల వెంట, రోడ్డు మధ్యనుంచే, కిందికి నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

ఘల్లు...

కారు ఆగిపోయి ఉంది. చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. చప్పుడు కింద చీకట్లోంచి వస్తోంది. పైకి. అతని వైపుకి.

ఘల్లు... ఘల్లు...

ఒక మనిషి. ఆడమనిషి కాదు. తెల్లచీరా లేదు. మామూలు జాకెట్, తల మీదికి లాక్కున్న టోపీ. చేతిలో చెయిను వేలాడుతోంది. ఒక కాలు కొంచెం ఈడుస్తూ, బూటు వదులైనవాడిలా నడుస్తున్నాడు.

"ఇది మీదేనాండీ?"

తెలుగులో. చాలా మెల్లగా.

"కాదు," అన్నాడు శ్రీధర్. ఆలోచించి అన్నది కాదు, అలవాటు కొద్దీ వచ్చింది.

ఆ మనిషి ఇంకో అడుగు వేశాడు.

"మీదే కదండీ..."

"కాదన్నాను కదా!"

"మరి... ఎవరిది?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్న గొంతు. శ్రీధర్ నడిరోడ్డు మీంచి పక్కకి, కొండవైపుకి జరిగి మంచుగోడకి ఆనుకున్నాడు.

"నాదే," అన్నాడు. "నాదేనండీ. కొక్కెం విరగ్గొట్టింది నేనే. తెలిసే తిరిగిచ్చాను."

పైనుంచి శ్రుతి కేక. "శ్రీధర్! ఎవరితో మాట్లాడుతున్నావ్?"

ఆ మనిషి చెయిను అతని చేతిలో పెట్టాడు.

"లేసుతో ఆగదండీ," అన్నాడు. "నేనూ కట్టి చూశాను."

అప్పుడే పసుపు వెలుగు కళ్ళలో పడింది. కిందినుంచి మంచు తోసే పెద్ద బండి, మలుపు తిరిగి, శ్రీధర్ అంతకుముందు నిలబడ్డ చోటు మీంచి దూసుకొచ్చి, కీచుమని ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టి బూతులు తిట్టాడు.

"బుద్ధుందా మీ ఇద్దరికీ? నడిరోడ్డు మీద నిలబడి కబుర్లా?" అని, అటూ ఇటూ చూసి, "ఆ రెండో ఆయన ఏడీ?" అన్నాడు.

శ్రీధర్ మంచులోకి చూశాడు. తన అడుగులున్నాయి. మిగతా మంచంతా బండి తోసేసింది.

కింద రోడ్డు మూసేశారు, వాళ్ళ తర్వాత ఒక్క కారునీ పైకి వదల్లేదని కిందికి చేరాక ఆ రాత్రే తెలిసింది. అయినా సరే, చెయిను ఊడిన ఇంకెవడో పాపం నడిచి వచ్చాడనుకుందాం. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు.

సోమవారం శ్రీధర్ దుకాణానికి వెళ్ళలేదు. ఫ్రీమాంట్ వెళ్ళాడు. పక్కన ప్రమోద కూర్చుంది, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరగకుండా చూసుకోవడానికి. వేదాంత్ భార్య తలుపు తీసింది. ఆ లేసు చూపించాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇతను నిలబడే మొత్తం చెప్పాడు — డబ్బా, కొక్కెం, తొట్టి, కట్టుకథ. పూర్తిగా విని ఆ పిల్ల తలుపు వేసేసింది. వేయదా మరి?

వేసేముందు ప్రమోద ఒక్కటే అడిగింది.

"అమ్మా, ఆ చెయిన్లు దుకాణానికి ఎలా వెళ్ళాయి?"

"నాకు తెలీదు ఆంటీ. ఇల్లంతా జనం అప్పుడు. కార్లో సామాను మనవాళ్ళెవరో సర్దారు. రిటర్న్ చేయాల్సినవి చేసేశాం, నువ్వేం ఆలోచించకు అన్నారు."

ఎవరో. పేరు ఆమెకి గుర్తులేదు.

చావింటికి సాయానికి వచ్చిన మనిషే. వంటింట్లో టీలు కలిపిన మనిషే. ఆ చెయినుకి కట్టిన లేసు చేతికి తగిలినా, టేపు వేసి, డబ్బా చంకలో పెట్టుకుని, కౌంటర్ దగ్గర "వాడలేదు" అని చెప్పి, అటునుంచి ఏ పాట్‌లక్‌కో వెళ్ళి గజ్జెల కథ చెప్పుకున్న మనిషి.

ఆ మలుపులో ఎవరిని చూశారని ఇంక అడగను. దెయ్యాలు రిటర్న్ లైన్లో నిలబడవు, అంతవరకు నాకు తెలుసు.

ఆ రోజు ఆ లైన్లో నిలబడింది మీరు కాదు కదా?